చీటీ ఊడిపోయిన రంగు

పెళ్లై ఇరవై రోజులైన జంట పెయింటు షాపులో రంగుల నమూనా రేకులు పరిచిన బల్ల ముందు కూర్చుంది. ప్రత్యేకంగా చేయించుకుంటున్న బైక్ ట్యాంకుకి పెయింటు, ఫ్రేముకి పౌడర్ కోటింగు ఏ రంగులో వేయించాలో ఇవాళ తేల్చాలి.

“ట్యాంకుకి ఈ రేకు మీదున్న రంగెలా ఉందండీ?”

“బ్రహ్మాండం! దానిమ్మ ఎరుపు.”

“ఫ్రేముకి ఇది?”

“ఆహా, చిలకాకుపచ్చ! నీ సెలక్షనే సెలక్షన్.”

“శ్రీవారూ, ప్రతి రేకునీ వెనక్కి తిప్పి చూశాకే మెచ్చుకుంటున్నారేంటి?”

“అబ్బే, బరువు చూస్తున్నా.”

“అలాగా! దీని వెనక పేరు రాసిన చీటీ ఊడిపోయింది. ఇదేం రంగో చెప్పండి.”

“ఇక్కడ వెలుతురు సరిగా లేదే.”

“నెత్తి మీదే ట్యూబ్‌లైటుంది. చెప్పండి.”

“ఎరుపో, ఆకుపచ్చో. చిన్నప్పట్నుంచీ ఆ రెండూ నాకు ఒకేలా కనిపిస్తాయి. చెబితే చిన్నచూపు చూస్తావేమోనని భయమేసింది.”

“మరి మొదటిసారి కలిసినప్పుడు నా ఎర్రచీర రంగు తెగ మెచ్చుకున్నారు?”

“మా చెల్లి చెవిలో ఊదింది.”

“ఓరి దేవుడా! మరి సిగ్నల్ దగ్గర?”

“పైది వెలిగితే ఆగుతా, కిందది వెలిగితే వెళ్తా. నవ్వకే తల్లీ! దాచానని కోపమొచ్చిందా?”

“కోపమెందుకు? ఇన్నాళ్లూ మీరు నా చీరలు చూసి మురిసిపోతున్నారనుకున్నా. చూసింది నన్నేనన్నమాట!”

“మెల్లగా! షాపాయన వింటున్నాడు. నీకిష్టమైన ఎరుపే వేయించుకో.”

“కుదరదు. మీకు బాగా తెలిసే రంగులేవి?”

“నీలం, పసుపు.”

“అన్నా! ట్యాంకుకి నీలం, ఫ్రేముకి పసుపు రాసుకోండి. మా బండి మా ఇద్దరికీ ఒకేలా కనపడాలి.”