దుప్పటిలో టీవీ

సర్వే చేసే ఆయన వీధి మొదట్లోకి వచ్చాడని తెలియగానే, ఆమె టీవీని దుప్పటిలో చుట్టి, చంటిబిడ్డలా ఎత్తుకుని ఎదురింటి తలుపు తట్టింది. తలుపు సగమే తెరుచుకుంది.

“వదినా, ఒక్క గంట ఇది మీ ఇంట్లో ఉంచుతారా? టీవీ కనబడితే పింఛను ఆపేస్తారట.”

“ఆపరూ మరి? సర్కారు సొమ్ము తింటూ టీవీలు పెట్టుకుంటే చూసేవాళ్లకి ఒళ్లు మండదూ?”

“ఇది మా ఆయన పోకముందు కొన్నది వదినా.”

“అయితే అమ్మేయొచ్చుగా. మొన్న నీ కూతురికి కొత్త బూట్లు కూడా కొన్నావు, నేను చూడలేదనుకున్నావా?”

“దాని పాదాలు పెరుగుతున్నాయి. మన పరిస్థితి చెప్తే అవి ఆగుతాయా?”

“మాటలు మాత్రం బాగా నేర్చావు.”

“ఆయన మూడో ఇంటికి వచ్చేశాడు వదినా! మీకేం భయం? అన్నయ్యగారికి జీతం వస్తుంది. మీ ఇంట్లో రెండు టీవీలున్నా అడిగేవాళ్లు లేరు.”

ఎదురింటావిడ వీధి వైపు ఒకసారి తొంగి చూసి గొంతు తగ్గించింది.

“మీ అన్నయ్యగారిని పనిలోంచి తీసేసి రెండు నెలలైంది. మేమూ సర్కారు సాయానికి అర్జీ పెట్టుకున్నాం.”

“అయ్యో! నాకు తెలీదు వదినా.”

“తెలియనిస్తేగా.”

 ఈసారి తలుపు పూర్తిగా తెరుచుకుంది.

“ఆ టీవీని మంచం కిందికి తోసేసి, ఇలా వచ్చి ఓ చెయ్యి వెయ్యి. మా ఫ్రిజ్ నా ఒక్కదానికి కదలడం లేదు.”