రహీమున్నీసా అత్త గీసిన భయం

వేదిక మీద ఉన్న ఏబేలు మాస్టారికి, ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్న ఖుష్బూకి, పలకల ఫ్యాక్టరీల నుంచి సగం పూట సెలవు అడిగి వచ్చిన అక్కలకు, గిద్దలూరు నుంచి, కనిగిరి నుంచి బస్సులెక్కి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

రహీమున్నీసా అత్త పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇంతమంది వస్తారని నేననుకోలేదు. ఆమె అసలే అనుకుని ఉండదు.

నా పేరు కళ్యాణి. కోర్టు వీధిలో జిరాక్స్ సెంటర్ నడుపుతాను. సభల్లో మాట్లాడే అలవాటు లేదు కాబట్టి కాగితం మీద రాసుకొచ్చాను. ఈ కాగితం వణుకుతుంటే ఫ్యాను గాలికి అనుకోకండి.

నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఆమెను ధైర్యవంతురాలు అన్నారు. పెద్దలు నన్ను మన్నించాలి. ఆమె భయస్తురాలు. నేనెరిగిన మనుషుల్లో అంత భయస్తురాలు ఇంకొకరు లేరు. జీపు చప్పుడైతే భయం. ఖాకీ రంగు కనబడితే, అది బస్సు కండక్టరు చొక్కా అయినా సరే, భయం. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే మోగి మోగి ఆగిపోయేదాకా దాన్ని చూస్తూ కూర్చునేవారు. ఖుష్బూ, మీ అమ్మ అట్లాంటిదే కదమ్మా?

ఆ భయాన్ని ఆమె బొమ్మలుగా గీశారు. పేజీకి ఆరు గళ్ళు, గడికొక బొమ్మ, బొమ్మ కింద రెండు ముక్కలు. పిల్లల పత్రికల్లో బొమ్మల కథలుంటాయి చూడండి, అట్లా. కాకపోతే వాటిలో రాజులు, రాక్షసులు ఉంటారు. అత్త కథలో ఉన్నది అత్త, వాళ్ళ నాయన, వాళ్ళ ఇల్లు. దేశంలో ఏం జరిగినా అది ఏదో ఒక రూపంలో ఆ ఇంటి ముందుకొచ్చి నిలబడేది.

ఆమె నా షాపుకు మొదటిసారి వచ్చింది 2019 డిసెంబరులో. ఆ చలికాలం మీకు గుర్తుందా? పౌరసత్వానికి కాగితాలు చూపించాలట, తాతల నాటివి అడుగుతారట, లేనివాళ్ళను ఎక్కడికో తీసుకుపోతారట. ఏది నిజమో ఏది పుకారో చెప్పే మనిషి లేడు. పొద్దున నేను షట్టర్ తీసేసరికే ముస్లింల ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని వరుసగా నిలబడి ఉండేవారు. అత్త కవర్లో మూడు కార్డులున్నాయి. ఒక దానిలో రహీమున్నీసా. ఇంకొక దానిలో రహిమూన్ బీ. మూడో దానిలో షేక్ రహమతున్నీసా. పుట్టింది మార్కాపురంలోనే. అప్పటికి మన తాలూకా కర్నూలు జిల్లాలో ఉంది. ఆమెకు నాలుగేళ్ళప్పుడు జిల్లా మారింది. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. పుట్టినట్టు కాగితం కోసం ఆమె రెండుసార్లు కర్నూలు వెళ్ళారు. రెండుసార్లూ ఉత్తచేతులతో తిరిగొచ్చారు.

ఆ మూడు కార్డులూ మిషను గాజు మీద పెట్టి ఆమె నన్ను అడిగిన మాట ఇది: "ఈ ముగ్గురిలో నేనెవరని చెప్పాల కళ్యాణమ్మా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

వెళ్ళేటప్పుడు చెడిపోయిన జిరాక్స్ కాగితాలు ఉంటే ఇమ్మన్నారు. పొయ్యిలోకేమో అనుకుని ఒక కట్ట ఇచ్చాను. వారం తర్వాత వాటిలో ఒకదాన్ని తిరిగి తెచ్చి, ఖాళీ వైపు కాపీ తీయమన్నారు. చూస్తే బొమ్మలు. ఒకే ముఖమున్న ముగ్గురు ఆడవాళ్ళు ట్రంకు పెట్టె మీద కూర్చుని, ఈ ఇంట్లో ఉండాల్సింది ఎవరని గొడవపడుతున్నారు. నాలుగో గడిలో తలుపు చప్పుడు. ఐదో గడిలో ముగ్గురూ ఒకే దుప్పటి కిందికి దూరారు. ఆరో గడి ఖాళీ. బొమ్మలు గీయడం ఎవరు నేర్పారని అడిగితే, పన్నెండేళ్ళప్పటి నుంచి ఫ్యాక్టరీలో పలకల మీద గీతలు కొట్టానని, మధ్యాహ్నం తిండి వేళ విరిగిన పలకల మీద సుద్దముక్కతో బొమ్మలు వేసేదాన్నని చెప్పారు. ఆమెతో కలిసి పనిచేసిన, ఇక్కడే ఉన్న కోటమ్మక్క ఆ బొమ్మలు చూసిన మనిషి.

తర్వాత్తర్వాత ఆమె నాకొక సంగతి చెప్పారు. అది ఎమర్జెన్సీ నాటిది. అత్తకు అప్పుడు పదేళ్ళు. వాళ్ళ నాయన అబ్బాస్ అలీ గారు పలకరాయి గనిలో పనిచేసేవారు. మగవాళ్ళను జీపులెక్కించుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నారని ఊరంతా ఒకటే మాట. ఒకరోజు గని దారిలో నిజంగానే జీపు వచ్చింది. మగవాళ్ళు తలా ఒక దిక్కు పరుగెత్తారు. అబ్బాస్ అలీ గారు పాడుబడిన గోతిలోకి దూకారు. కాలు విరిగింది. అన్నం తీసుకొచ్చిన కూతురికి ఆయన గోతిలో నుంచే చెప్పారట, నేనిక్కడున్నట్టు ఎవరికీ చెప్పొద్దు, అమ్మకు కూడా చెప్పొద్దని. పాప చెప్పలేదు. రెండు రోజులు చెప్పలేదు. వాళ్ళమ్మేమో భర్త గిద్దలూరులో బంధువుల ఇంటికి పారిపోయాడనుకుంది. మూడో రోజుకు జ్వరంతో ఆయనకు మాట పడిపోయింది. అప్పుడు పాప ఏడుస్తూ ఇంటికి పరుగెత్తింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఆయన బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచారు.

ఆ జీపు ఎవరిదనుకుంటున్నారు? మలేరియా మందు కొట్టేవాళ్ళది. గోడల మీద నంబర్లు వేసి, మందు కొట్టి వెళ్ళిపోయింది.

ఇది చెప్పి అత్త అన్న మాట నేను మరచిపోలేను. "మా నాయన కాలు చెడగొట్టింది జీపు కాదమ్మా. నేను నోరు మూసుకున్నందుకు చెడింది. భయమైనప్పుడు ఎవరికో ఒకరికి చెప్పుకోవాల. నాకు చెప్పేది రాదు. అందుకే గీస్తా."

లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఆమె మొత్తం కథ గీశారు. అప్పటికే ఊపిరితిత్తుల నిండా పలక పొడి. నాలుగు గళ్ళు గీస్తే ఆయాసం. మరుసటి ఏడాది అరవై నాలుగు పేజీల పుస్తకం నా షాపులోనే అచ్చు వేశాం. పేరు 'మా ఇంటి ముందు జీపు'. రెండు వందల కాపీలు. వెనక అట్ట మీద అడుగున చిన్న అక్షరాల్లో నా షాపు పేరు వేసుకున్నాను. గర్వంగానే వేసుకున్నాను.

అయ్యా, అమ్మా, ఇప్పుడు చెప్పబోయేది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పుస్తకం వచ్చిన నెలకు, ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు నా షాపుకు వచ్చారు. ఎవరో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. ఆ ముగ్గురు ఆడవాళ్ళ పేజీ వాళ్ళ ఫోన్లో ఉంది. ఇది ఎవరు అచ్చు వేశారని అడిగారు. మెల్లగా, మర్యాదగా అడిగారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నాకు తెలియదన్నాను. కాపీలు నా కుర్చీ వెనక, గోనెపట్టా కింద ఉన్నాయి. తెలియదన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ తెలియదన్నాను.

అత్త అక్కడే ఉన్నారు. మిషను పక్కన స్టూలు మీద. వాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. తలవంచుకుని కూర్చుంటే ఎవరో ముసలామె అనుకుని వెళ్ళిపోయేవారు. ఆమె లేచి నిలబడ్డారు. గోడ పట్టుకుని నిలబడ్డారు. "నేనే గీసినా. హైదరాబాద్‌లో అచ్చేపిచ్చుకున్నా. ఈ పిల్లకు ఏం తెలీదు, నా కార్డు జిరాక్స్ తీస్తాంది అంతే."

వాళ్ళు ఆమె ఫోటో తీసుకుని, పేరు, వీధి రాసుకుని వెళ్ళారు. నేను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం షట్టర్ సగానికి దించి, మిగిలిన కాపీలన్నిటి మీదా నా షాపు పేరును నల్ల మార్కరుతో కొట్టేశాను. ఒక్కొక్కటిగా. నూట నలభై ఒకటి.

వాళ్ళు మళ్ళీ రాలేదు. ఎందుకు వచ్చారో, ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. రాకపోయినా, షాపు ముందు బండి ఆగిన ప్రతిసారీ వచ్చినట్టే ఉండేది. అత్త కూడా రెండు నెలలు నా షాపు వైపు రాలేదు. నా మీద కోపం అనుకున్నాను. కోపం వస్తే తప్పేముంది?

అత్త పోయిన నాలుగో రోజు ఖుష్బూ ఒక నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. అచ్చు కాని పేజీలు. అందులో ఆ మధ్యాహ్నం కూడా ఉందంది. తెరవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నేను దొంగలా, పిరికిదానిలా ఉంటానేమో, ఆ ముఖం ఎట్లా చూసుకోవాలని. పేజీ తీశాను. బొమ్మలో, నా బల్ల కింద చాప మీద నా చిన్న కూతురు నిద్రపోతోంది. నిజమే, ఆ రోజు దానికి జ్వరం, షాపుకు తెచ్చుకున్నాను. నేనే మరచిపోయాను. ఆమె చూశారు. బొమ్మ కింద ఇట్లా రాశారు: "బిడ్డ లేస్తుందేమోనని భయమైంది. అందుకే లేచినా."

తర్వాతి పేజీలో, వాళ్ళు వచ్చిపోయాక గడిచిన మూడు రోజులు. ప్రతి గడిలోనూ వాళ్ళ ఇంటి తలుపు, వేసిన గడియ. మూడు రోజులూ ఆమె గడియ తీయలేదని, దగ్గు బయటికి వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకుందని ఖుష్బూ చెప్పింది. నా షాపు వైపు రాకపోవడానికి కారణం కూడా రాసి ఉంది. తన వెనక ఎవరైనా వస్తున్నారేమోనని.

అంత భయంలోనూ ఆమె లేచి నిలబడ్డారు.

ఇవాళ పొద్దున మా ఇంట్లో ఈ సంగతి సభలో ఎత్తవద్దన్నారు. వెనక వరుసలో ఎవరో ఫోను ఎత్తి రికార్డు చేస్తున్నారు. నాకు కనబడుతోంది. అది అభిమానంతోనో, మరి దేనికో తెలియదు. అయినా చెబుతున్నాను. ఆ నోటుపుస్తకాన్ని ఖుష్బూ అనుమతితో నేను అచ్చు వేస్తున్నాను. ఒక్క గడి కూడా తీయను. వెనక అట్ట మీద నా పేరు, షాపు పేరు, వీధి పేరు ఉంటాయి. రేపు ఎవరైనా వచ్చి అడిగితే నేను వేశానని చెబుతాను. గొంతు వణుకుతుంది. వణుకుతూనే చెబుతాను.

అత్తా, ఆ రోజు నీ పక్కన నిలబడలేకపోయాను. క్షమించు.

పెద్దలారా, అక్కలారా, మనమందరం ఎప్పుడో ఒకప్పుడు భయపడి నోరు మూసుకున్నవాళ్ళమే. ఇప్పుడు రెండు నిమిషాలు ఆమె కోసం మౌనంగా ఉందాం. లేవలేనివాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. అందరూ లేచి నిలబడండి.