సగం అరటిపండు

ఆసుపత్రి కింది అంతస్తులో ఆహార సలహాల గది. బల్లకు ఇటు డైటీషియన్, తల వంచి రాసుకుంటోంది. అటు కుర్చీలో ఒక ముసలాయన.

“పొద్దున ఏం తిన్నారు?”

“నువ్వు పెట్టిందే.”

“ఎవరు పెట్టారని కాదండీ. ఎంత తిన్నారు?”

“పెట్టినంతా.”

“షుగరుందా?”

“ఉందని నువ్వే చెప్పావు.”

“నేనెప్పుడు చెప్పానండీ? సరే, ఇంట్లో వంట ఎవరు?”

“మా అమ్మాయి.”

“ఈసారి ఆవిణ్ణి వెంటబెట్టుకు రండి. మీకు చెప్పి లాభం లేదు, వండేవాళ్లకి చెప్పాలి.”

“ఆవిడ కోసమే వచ్చాను. తలెత్తితేగా.”

“తలెత్తడమేంటి... నాన్నా!”

“ఊఁ.”

“నువ్వేంటిక్కడ? ఏమైంది? కళ్లు తిరిగాయా?”

“నాకేం కాలేదు. కూర్చో. చీటీ తీసుకుని లైన్లో వచ్చా.”

“లైన్లోనా? ఏదైనా ఉంటే ఇంట్లో చెప్పొచ్చుగా!”

“ఇంట్లో నువ్వెక్కడున్నావు? వస్తావు, గోడవైపు తిరిగి పడుకుంటావు. ఇక్కడైతే మనిషికి ఐదు నిమిషాలన్నా ఇస్తావని.”

“వెటకారమా?”

“కాదు.”

“నీ గొంతు కూడా గుర్తుపట్టలేదు నాన్నా.”

“గుర్తుండడానికి నేనేం మాట్లాడి ఏడిశాను గనక.”

“నవ్వించకు. ఓపిక లేదు. పొద్దుట్నుంచి వస్తూనే ఉన్నారు. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎప్పుడు తిన్నారు. అందరూ అబద్ధాలే. ఒకావిడైతే తిట్టిపోసింది, వాళ్లాయన్ని నేను కడుపుమాడ్చి చంపుతున్నానట. డాక్టరేమో ఆయన షుగరు దిగలేదని మళ్లీ నన్నే అంటాడు.”

“నువ్వు తిన్నావా?”

“నువ్వూ మొదలెట్టకు!”

“సరే.”

“...అరిచాను కదూ.”

“అరిచావు. ఫరవాలేదు, బయట ఎవరూ లేరు. నేనే ఆఖరు.”

“ఇంటికెళ్లు నాన్నా. సాయంత్రం మాట్లాడుకుందాం.”

“అరటిపళ్లు ఏమవుతున్నాయి?”

“ఏ అరటిపళ్లు?”

“నీ కోసం నేను తెస్తున్నవి. పొద్దున తెస్తే సాయంత్రానికి ఉండవు. నేను తినకూడదు, నువ్వు తినట్లేదు. ఇంట్లో తొక్కన్నా కనబడదు.”

“పారేస్తున్నా.”

“ఊఁ.”

“ఎందుకని అడగవేం?”

“నువ్వే చెప్తావని.”

“...పై వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. కిడ్నీలు పాడయ్యాయి. అలాంటివాళ్లకి అరటిపండు పెట్టకూడదు, గుండెకి ప్రమాదం. రోజూ అడిగేవాడు. సగం చాలమ్మా అనేవాడు. సగమంటే ఎంతో వేలి మీద చూపించేవాడు కూడా. వద్దంటే వద్దన్నా. ఆఖరికి వాళ్లావిడ సంచిలో దాచి తెచ్చింది. లాక్కున్నాను నాన్నా. ఆయన చేతిలోంచి లాక్కున్నాను.”

“నీ పని అది.”

“పని! అప్పటికే డాక్టర్లు చేతులెత్తేశారట. ఇంక లాభం లేదు, ఏదడిగితే అది పెట్టండని నర్సులకి చెప్పారట. నాకు చెప్పలేదు. నాకెవ్వరూ చెప్పలేదు. మర్చిపోయారట.”

“పోయాడా?”

“మర్నాడే. నాకేం తెలుసు? మామూలుగానే మంచం దగ్గరికెళ్లా, పొద్దున ఏం తిన్నారని అడగడానికి. దుప్పటి మారుస్తున్నారు. ఏదో ఒకటి అను నాన్నా.”

“ఏమనాలో తెలీట్లేదు తల్లీ.”

“అదే నయంలే. మా పెద్దమేడమైతే, ఈ ఉద్యోగంలో ఇవన్నీ మామూలే, మనసుకి తీసుకోకూ అంది. మనసుకి కాకపోతే ఎక్కడికి తీసుకోవాలో చెప్పలేదు.”

“నిద్ర పడుతోందా?”

“లేదు. పక్కన ఎవరన్నా నములుతుంటే చాలు, గుండె దడ. మొన్న పై వార్డుకి వెళ్తూ వెళ్తూ మెట్ల మీద కూలబడ్డా. చివరికి కడుపు నొప్పని అబద్ధం చెప్పి కిందికొచ్చేశా.”

“లే. పద.”

“ఎక్కడికి?”

“ఈ వరండా చివర మనసు డాక్టరుంటాడుగా.”

“ఆయన గది బయట ఆ బెంచీ మీదా? నేనా? బాగానే ఉంది! ఆయాల దగ్గర్నుంచి వంటగదివాళ్ల దాకా ఇక్కడ నన్నెరగనివాళ్లు లేరు. సాయంత్రానికల్లా డైటు మేడమ్‌కి మతి పోయిందంటారు.”

“అంటే అననీ.”

“నువ్వు హాయిగా అనేస్తావు. రేపట్నుంచి నా మాట ఎవరు వింటారు? ఉద్యోగం చెయ్యనిస్తారా?”

“ఇలాగైతే నువ్వు చెయ్యగలవా? చెప్పు.”

“లేను. అయినా ఆ బెంచీ మీద కూర్చోలేను నాన్నా. వచ్చేపోయేవాళ్లంతా మొహంలోకి చూస్తుంటే...”

“ఎవరూ చూడరు. అక్కడ కూర్చున్నవాళ్లంతా నేలకేసే చూస్తారు. వచ్చేపోయేవాళ్లు వాళ్ల గొడవలో వాళ్లు పోతారు.”

“నీకెలా తెలుసు?”

“కిటికీ వైపు చివర కూర్చో, కాస్త గాలొస్తుంది. మీ అమ్మ పోయినప్పట్నుంచీ నేను కూర్చునేది అక్కడే.”