ఫీడుకెక్కిన పేరు

నవ్వకయ్యా! ముందు ఆ నవ్వడం ఆపు. నీకేం, సామాన్ల గదిలో బియ్యం డబ్బా మీద ఫోటోలో హాయిగా కూర్చున్నావు, పక్కన కోనసామి పటం తోడు. తిప్పలు పడింది నేను గదా!

అసలు తప్పంతా నీ కొడుకుది. కువైట్ నుంచి ఫోన్ చేసి, "మా, పిల్లోనికి నాయన పేరే పెడుతున్నాం" అంటాడు జయరాముడు, నాకేదో వరమిచ్చినట్లు. పెట్టుకోండి, సంతోషమే, కాదంటానా? కానీ నన్నొక మాట అడగొద్దా? మొగుని పేరు పెట్టిన మనవణ్ణి నేనేమని పిలవాల? "ఏమయ్యా" అనా, నిన్ను పిలిచినట్లే? పోనీ కోడలు ఆశ పిలుస్తాదా? అది మామ పేరు నోటెంబడి రానీదు. ఇంట్లో ఆడోళ్ళెవరూ పలకలేని పేరు వెతికి వెతికి పెట్టినారయ్యా పసిబిడ్డకు!

సరే, పిలుపుదేముంది, చిన్నోడా అంటా, బంగారూ అంటా. తొట్ల పాట మాటేంది?

మన ఇంటి ఆచారం నేను నీకు చెప్పాల్నా! నాయనమ్మ పాట పాడి, చివర్లో బిడ్డ పేరు మూడుసార్లు పిలిస్తే తప్ప బిడ్డను తొట్లో వెయ్యరు. మీ తాతముత్తాతల పేర్లన్నీ ఆ పాటలో ఉండాయి. మీ అమ్మ మంచం పట్టినాక నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, తప్పినప్పుడల్లా తొడమీద గిల్లి నేర్పింది. ఇప్పుడది నాకు తప్ప ఇంకెవరికీ రాదు. మీ నాయన పేరు వచ్చేచోట ఆమె "ఇంటి పెద్ద" అని జారుకునేది, గుర్తుందా? నీ పేరు కాడ నేనూ అట్లే జారుకుందామనుకున్నా. కానీ బిడ్డ పేరు కాడ ఎట్ల జారుకోవాల? పేరు పెట్టేదానికే గదా పాట!

ఊరికి పోవచ్చు గదా అంటావా? యాడ పోయేది? మామా సెలవు రంజాను దాటినాకనే అనింది. నీకు మామ అంటే మా నాయన. ఈ ఒమాను దేశం సహం ఊర్లో మామా అంటే ఇంటి యజమానురాలు. మంచిదేలే. కానీ ఆమె కూతురు పురిటికొచ్చి ఉండాది, వంటకు నేను తప్ప దిక్కులేదు. ఫోన్లో పాడదామంటే కార్డు ఫోన్ సంగతి నీకు తెలీదా! నా గొంతే నాకు తిరిగి వినపడతాది, మీ ముత్తాత కాడికి రాకముందే తెగిపోతాది.

అప్పుడు దొరికినాడు జిలాని. చేపల మార్కెట్ వెనకాల కంప్యూటర్ అంగడి పెట్టుకున్న ప్రొద్దుటూరాయన. "అక్కా, పాడ్‌కాస్ట్ చేద్దాం" అన్నాడు. అదేం కషాయం తమ్ముడా అన్నా.

ఊఁ, నువ్వు నవ్వుతూనే ఉండు. నేను నేర్చుకున్నా. చెప్తా విను.

పాటను చిన్న మిషన్లో పట్టాల. ఆ ఫైలును ఇంటర్నెట్‌లో ఒకచోట పెట్టాల. దాని పక్కనే ఒక చీటీ రాయాల. "ఇదో, ఈడ ఒక పాట ఉండాది, దాని పేరిది, పాడినామె ఫలానా, ఈ రోజు పెట్టినాం" అని. ఆ చీటీనే ఫీడు. చీటీ ఉండే అడ్రసు మనోళ్ళకు ఒక్కసారి చెప్తే చాలు, వాళ్ళ కంప్యూటర్లే వచ్చి చూసుకొని, కొత్తది ఉంటే తీసుకొని పోతాయి. మనం ఎవరింటికీ పోయి ఇచ్చే పనిలేదు. "ఓహో, గుళ్ళో ప్రసాదమన్న మాట" అన్నా. "ఉత్తరమైతే ఒకరికే, ప్రసాదమైతే వచ్చినోళ్ళకంతా." జిలాని కళ్ళు ఇంత చేసి, "ఇంతమందికి చెప్పినా, ఇంత తొందరగా ఎవరికీ ఎక్కలేదక్కా" అన్నాడు. ఏం చేద్దాం, ఆ మాట వినేదానికి నువ్వు లేకపోతివి!

కువైట్‌లో నీ కొడుకుకు, బహ్రెయిన్‌లో నీ చెల్లెలు సుమలతకు, ఆశ పురుడు పోసుకున్న రాజంపేటలో వాళ్ళన్నకు, ముగ్గురికీ అడ్రసు పోయింది. శుక్రవారం తొట్ల పండగ.

నేనేం చేసినానంటే, పాటంతా పాడి, చివర పేరు కాడ "చిన్నోడా, చిన్నోడా, చిన్నోడా" అని పెట్టేసినా. పేరు ఎట్లాగూ చీటీలో ఉంటాది గదా, నోటితో అనే పని తప్పింది అనుకున్నా. తెలివి! మా నాయన బిడ్డను గదా!

చీటీ కాడ పట్టుకున్నాడు జిలాని. "ఏం పేరక్కా?"

"చెప్పకూడదు."

"మనవడి పేరు చెప్పకూడదా?"

"వాళ్ళ తాత పేరే వాడిది."

"ఓ!" అని తల గోక్కున్నాడు. ఖాళీగా వదిలెయ్ తమ్ముడా అంటే ఒప్పుకోడే! పేరు లేని చీటీని జనం తీసి చూడరంట. రాసిద్దామంటే నాకు సంతకం వరకే గదా చదువు, అదీ నా పేరే. పాస్‌పోర్టులో చూసుకో అందామంటే అది ఈ ఇంటాయన బీరువాలో ఉండాది, జయరామున్ని అడుగుదామంటే వాడు డ్యూటీలో ఫోనెత్తడు.

"గుర్తులు చెప్పక్కా, మేం కనుక్కుంటాం" అన్నాడు. ఇంగ చూడాల నా బాధ! చేపలమ్మే రాయచోటి అక్బర్ కూడా వచ్చి కూర్చున్నాడు వినోదం చూసేదానికి. "కోనలో ఉంటాడు సామి" అన్నా. నరసింహులా? కాదు. "రాళ్ళ నడుమ వెలిసినాడు" అన్నా. అక్బర్ తొడ చరిచి, "రాళ్ళంటే కొండే గదా! కొండయ్య!" అని అరిచినాడు.

కొండయ్య! ఎవరు? గట్టు జరిపి నీతో కొట్లాడి, నీ అంగీ చించిన నీ దాయాది కొండయ్య! నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నా. అదే నా కొంప ముంచింది. "చూడు చూడు, పెనిమిటి పేరు వినగానే ఎట్ల సిగ్గుపడిందో" అన్నాడు అక్బర్. కాదురా నాయనా అనేలోపల బయట మామా డ్రైవరు ఒకటే హారను. పరుగెత్తినా.

జిలాని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేసి పంపించేసినాడు. "కొండయ్య తొట్ల పాట. పాడినవారు శ్రీలక్ష్మి."

మరుసటి రోజు ఫోన్లే ఫోన్లు. సుమలత నవ్వలేక ఏడుస్తా ఉంది, "వదినా, అన్న పోయినాక మనసు కొండయ్య మీదికి పోయిందా?" అని. దాని నోరు పడ! వియ్యపురాలు మటుకు నవ్వలేదు. "మా బిడ్డ కన్న బిడ్డకు పగోడి పేరా? పాట సరిగ్గా వస్తేనే తొట్ల పండగ, లేకుంటే లేదు" అనిందంట. ఆశ పచ్చిబాలింత, ఏడ్చిందంట పాపం.

జిలాని దగ్గరికి పోతే చెవులు పట్టుకున్నాడు. చీటీలో కొండయ్యను తీసేసి "మనవడి తొట్ల పాట" అని దిద్దినాడు. దిద్దినా రాజంపేటలో కొండయ్యే! ఎందుకంటే, చీటీలో ప్రతి పాటకూ ఒక గుర్తు ఉంటాదంట. ఆ గుర్తు అదే ఉంటే చాలా కంప్యూటర్లు "ఇది మనం తీసుకున్నదేలే" అని ముఖం తిప్పుకుంటాయంట. తీసుకుపోయిన ప్రసాదం తిరిగి గుడికి వస్తాదా? "కొత్త పాటగా, కొత్త గుర్తుతో పెట్టాలక్కా. పాడేది ఎట్లాగూ మళ్ళీ పాడాల, ఈసారి పేరు నువ్వే చెప్పు. చెప్తేనే నాకూ తెలిసేది."

నిన్న మధ్యాహ్నం, మామా పడుకున్నాక, జిలాని మిషను తెచ్చుకొని ఈ గదిలోనే పాడినా. నువ్వు చూస్తానే ఉంటివి గదా. ఫ్రిజ్ మోత పాటలో పడకుండా స్విచ్చి తీసేసినా. ఉల్లిగడ్డల మూట మీద కూర్చున్నా.

*కోన కాచే సామి కొసరి ఇచ్చిన బిడ్డ*
*తాత పేరెత్తుకొని తరలి వచ్చిన బిడ్డ*

ఈడికి బాగానే వస్తాది. ఆపైన పేరు కాడ ఆపేస్తా. మళ్ళీ మొదలు. మళ్ళీ అక్కడే.

ఆ పేరు ఒక్కసారే గదయ్యా పలికింది నేను. పెండ్లై వచ్చిన రోజు, గడప కాడ ఇదే సుమలత తలుపేసి, పేరు చెప్తే గానీ లోపలికి రానీనంటే, నేల చూస్తా చెప్పినా. అంతే. ఆ తర్వాత సామిని కూడా కోనసామి అనే అంటి, నీ పేరు కలుస్తాదని. పలికితే మొగుని ఆయుష్షు తగ్గుతాదని మీ అమ్మే చెప్పింది.

పలకలేదే! మరి నీ ఆయుష్షు యాడ పెరిగింది? ఆ ఎండాకాలం చెనిక్కాయలు పీకే గుత్త పనికి పొయ్యి, జ్వరమని వచ్చి పడుకుంటివి. లేయకపోతివి.

అది గుర్తొచ్చి కోపమొచ్చింది. ఆ కోపంలో వచ్చేసింది నోటికి. పెంచలయ్యా! అబ్బ, ఎంత గట్టిగా అన్నానో, మామా ఎక్కడ లేస్తాదోనని భయపడితి.

ఈ పొద్దు పొద్దున రాజంపేటలో తొట్టి పక్కన స్పీకరు పెట్టి వినిపించినారంట. వియ్యపురాలే బిడ్డను తొట్లో వేసిందంట. మూడో పిలుపుకు వాడు కేర్‌మన్నాడంట, నీ మాదిరే, తిండికి పిలిస్తే తప్ప పలకని మనిషి మాదిరి!

ఒక్క మాట మాత్రం నీకు చెప్పాల.

జిలాని పాటను కంప్యూటర్లో ఎక్కించుకుంటా, "అక్కా, పిలుపు మూడుసార్లే గదా, నాలుగోది ఎక్కువొచ్చింది, కోసేద్దునా?" అన్నాడు. మిషను ఆపేసినా అనుకున్నా నేను.

మూడూ బిడ్డవి. నాలుగోది మెల్లగా, ఈ ఫోటో చేతిలో పెట్టుకొని అన్నది.

"ఉండనీలే తమ్ముడా" అన్నా. ముగ్గురిండ్లకూ పోయిందది, తిరిగి రాదు. నాయనమ్మకు లెక్క తప్పింది అనుకుంటారు, అనుకోనీ.

సర్లే, మామా లేచినట్లుంది, కాఫీ పెట్టాల. నువ్వు మటుకు పలకొద్దులే పెంచలయ్యా. ఎప్పుడు పలికినావు గనక!