సగం కర్ర

అలా చూడకండి వదినగారూ. నేను కర్ర మార్చలేదు. మార్చానని మీరు రాసిస్తే లీగ్ కాగితాల్లో ఓ అబద్ధం శాశ్వతంగా ఉండిపోతుంది, అది మీ చేతిరాతలో ఉంటుంది. మీ మంచికే చెబుతున్నాను.

నోరు తెరవకండి. దంతాల డాక్టరు గంటసేపు దూది తియ్యొద్దన్నాడు. గోడ గడియారం చూశాను, ఇంకా నలభై నిమిషాలుంది. అవునంటే తలూపండి, కాదంటే వేలెత్తండి. గొంతు పట్టేసిన పిల్లలకి మా క్లాసులో ఇదే పద్ధతి.

వేలెందుకెత్తారు? నేనింకా ఏమీ అడగలేదుగా.

సరే, మొదటినుంచీ వస్తాను. మీకు తెలియదని కాదు. ఆ మూల కుర్చీలో దవడ వాచినాయన చెవులు రెండూ ఇటే వేసి కూర్చున్నాడు. సగం సగం వింటే పాపం ఆయనకి నొప్పి ఎక్కువవుతుంది. ఏమండీ, ఈవిడ మా వియ్యపురాలు, మా కోడలికి అమ్మ. నలభయ్యేళ్ళు టైలరింగ్ చేశారు. శనివారం సాయంత్రం నేను కొట్టిన బంతి వచ్చి ఈవిడ ముందుపళ్ళకి తగిలింది. కావాలని కాదు. అదే ఇప్పుడు నిరూపించబోతున్నాను.

పూల్ ఆట తెలుసా మీకు? పచ్చగుడ్డ పరిచిన టేబుల్, ఆరు పాకెట్లు, పదహారు బంతులు. క్యూ కర్రతో తెల్లబంతిని కొట్టాలి. తెల్లబంతి వెళ్ళి మన బంతిని కొట్టాలి. మన బంతి పాకెట్లో పడాలి. మనవన్నీ పడ్డాక నల్లబంతిని కూడా పడగొడితే ఆట మనది. పదమూడో ఎక్కం కన్నా సులువు.

ఈ వయసులో మాకు ఇదేం బుద్ధి అంటారా? మనవరాలికి పాపిడి ఏ పక్కకి తియ్యాలి, పాలల్లో పంచదార ఎంత వెయ్యాలి, మేమిద్దరం పోట్లాడుకోని విషయమంటూ లేదు. మా అబ్బాయీ, వీళ్ళమ్మాయీ విసిగిపోయి, టైర్ల కొట్టు మేడమీద పూల్ లీగ్ ఉందని తెలుసుకుని మా పేర్లు రాయించి వచ్చారు. వేరువేరు జట్లలో. ఇద్దరికీ అచ్చం ఒకేలాంటి కర్రలు కొన్నారు, నీది మంచిది నాది కాదు అన్న మాట రాకూడదని. ఎంత ఒకేలా ఉంటాయంటే, నేను నా కర్ర మధ్యలో మర విప్పి, ముందు సగం లోపలి చివర ఎర్రసిరాతో చుక్క పెట్టుకోవాల్సి వచ్చింది. నోటుపుస్తకాల అలవాటు.

ఇప్పుడు శనివారాలు ఇల్లు ప్రశాంతంగా ఉంటోందట.

ఇక నిబంధనలు. అవి రాసింది నేనే. అంతకుముందు ఆ లీగ్‌లో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళదే ఆట. ముప్ఫైనాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, చూస్తూ ఊరుకోగలనా? నలభై నిబంధనలు, పటాలతో సహా. తొమ్మిదోది మాత్రం లీగ్‌లో ఆడే ఓ ప్లంబరు పుణ్యం. ఆయన గొట్టాలు మోసినట్టు భుజాన అయిదు కర్రలు మోసుకొచ్చేవాడు. బంతులు చెదరగొట్టడానికొకటి, మామూలు దెబ్బకొకటి, బంతిని ఎగరేసే జంప్ షాట్‌కి పొట్టిదొకటి, చలి రోజులకొకటి. అయిదోది ఎందుకో ఆయనకే తెలియదు. ఒక్కో దెబ్బకీ ఆయన కర్ర ఎంచుకునేలోపు మనం ఇంటికెళ్ళి ముఖం కడుక్కుని రావచ్చు.

అందుకని రాశాను. ఆట ఏ కర్రతో మొదలుపెడితే ఆ కర్రతోనే ముగించాలి, అది విరిగితే తప్ప. జంప్ షాట్ కోసం కర్ర మార్చరాదు. మార్చినవాళ్ళకి ఆట పోతుంది, పైగా ఒక సీజనంతా బయట కూర్చోవాలి. ఆ శిక్ష కూడా నేనే రాశాను. అప్పుడు నా మనసులో ఉన్నది ప్లంబరు. నేను కాదు.

సరే, శనివారం. సెమీఫైనల్. మా జట్టూ వీళ్ళ జట్టూ సమానం. ఆఖరి ఆట మా ఇద్దరికీ పడింది. నావి చారలబంతులు, ఇంకా ఒకటి ఉంది. వదినగారికి మిగిలింది నల్లబంతి ఒక్కటే. అది పాకెట్ ముందు నిలబడి ఉంది, ఉఫ్ అంటే పడిపోయేట్టు. కొట్టారు. తప్పింది.

తల దించుకోకండి వదినగారూ. తప్పుతుంటాయి.

ఆ నల్లబంతి పాకెట్ అంచుకి తగిలి, వెనక్కి దొర్లి, సరిగ్గా తెల్లబంతికీ నా చారలబంతికీ మధ్య వచ్చి కూర్చుంది. నాకు పక్కనుంచి దారి లేదు. ఇక పైనుంచే. దాన్నే జంప్ షాట్ అంటారండీ. కర్ర వెనక భాగం బాగా ఎత్తి, తెల్లబంతిని పైనుంచి కిందికి పొడవాలి. గుడ్డ కింద రాతిపలక ఉంటుంది, బంతి దానికి కొట్టుకుని కప్పలా లేస్తుంది. అడుగునుంచి గరిటెతో తోడినట్టు లేపితే మాత్రం తప్పు. పదో నిబంధన, నాలుగో పటం.

కానీ అంత పొడుగు కర్ర నిలువుగా ఎత్తితే నా భుజం మొరాయిస్తుంది. సంచిలో పట్టడానికి కర్ర మధ్యలో మర ఉంటుంది కదా, అది విప్పాను. వెనక సగం కుర్చీలో పెట్టాను. ముందు సగంతో కొట్టాను.

ఇది కర్ర మార్చడమా? మీరే చెప్పండి. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా సుద్దముక్క విరిగేది. చేతిలో మిగిలిన ముక్కతోనే లెక్క పూర్తి చేసేదాన్ని. సుద్ద మార్చినట్టా? ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు.

చూశారా, దవడ వాచినాయన తలూపాడు.

బంతి లేచిందండీ. నల్లబంతిని దాటింది. నా చారలబంతిని కొట్టింది, అది పాకెట్లో పడింది. నా మొత్తం సర్వీసులో బోర్డు మీద గీసిన ఏ వంపురేఖా అంత చక్కగా రాలేదు. అక్కడితో ఆగితే బాగుండేది. తెల్లబంతి ఆగలేదు. అదే సమయానికి వదినగారు ఫౌల్ అందామని నోరు తెరిచారు.

బంతి టేబుల్ దాటితే ఫౌలే, కాదనను. ఇరవయ్యొకటో నిబంధన. పళ్ళ గురించి నిబంధన లేదు. రాయాలి.

కాబట్టి వదినగారూ, విషయం చిన్నది. లీగ్ కార్యదర్శి, అదే, కింద కళ్ళజోళ్ళ దుకాణం ఆయన, పదకొండింటికి పైకొచ్చి మీ వాంగ్మూలం తీసుకుంటానన్నాడు. కర్ర మార్చిందని రాశారా, ఆట మీది, నాకు సీజనంతా గోడకుర్చీ. మార్చలేదని రాశారా, వచ్చే శనివారం ఆట ఆగినచోటినుంచే మళ్ళీ. తెల్లబంతి మీ చేతిలో, ఎక్కడ పెట్టుకుని కొట్టుకుంటారో మీ ఇష్టం. మీకూ నల్లదే, నాకూ నల్లదే. రెండో పద్ధతే న్యాయం కదూ. శనివారాలు ఇంట్లో కూర్చుంటే నేనేం చేస్తానో మీకు తెలుసు. మనవరాలి పాపిడి మారుస్తాను.

ఇదిగో కాగితం. ఇదిగో పెన్ను. ఒక్క వాక్యం చాలు.

ఒక్క వాక్యం అన్నాను. మీరేమిటి పేజీ నింపుతున్నారు?

ఇలా ఇవ్వండి.

'కార్యదర్శిగారికి. టీచరుగారు కర్ర మార్చడం నేను చూడలేదు.' చాలా సంతోషం వదినగారూ. నాకు తెలుసు మీరు... ఇంకా ఉందే. 'ఆట ఆవిడకే ఇచ్చేయండి. లీగ్‌లో నా పేరు కొట్టేయండి. మూడు వారాలుగా ఎదురుగా ఉన్న బంతి కూడా పడటం లేదు. మీరిచ్చిన కొత్త అద్దాలు పెట్టుకున్నా పడలేదు. లోపం కళ్ళది కాదు, చేతిది. మనవరాలి పుట్టినరోజు గౌనుకి గుడ్డ తెచ్చి పదిరోజులైంది. కత్తెర పెట్టడానికి భయమేసి, ఇవాళ పొద్దున బయట కుట్టించమని మా అమ్మాయికి ఇచ్చేశాను.'

మరి... బాగానే రాశారు. స్పష్టంగా ఉంది. నేను కోరిందానికన్నా ఎక్కువే ఇచ్చారు. ఇది కార్యదర్శి చేతిలో పెడితే మా జట్టు ఫైనల్లో ఉంటుంది, నా పేరుకి మచ్చ ఉండదు. నేను లేచి వెళ్ళిపోవచ్చు.

వెళ్ళిపోవాలి, నిజానికి.

మీరు గుడ్డ కత్తిరిస్తుంటే చూశాను నేను. పెళ్ళికి ముందు మాటలకి మీ ఇంటికొచ్చిన రోజు. గీత గీయకుండా, నాతో మాట్లాడుతూనే, స్కేలు పెట్టినట్టు కోశారు. అసూయపడ్డాను. నాకు బోర్డు మీద అడ్డగీత కూడా స్కేలు లేకుండా రాదు.

ఏమండీ, దవడవాచినాయనా, కాస్త అటు తిరుగుతారా? ఆ గోడమీద పళ్ళు తోముకునే పద్ధతి పటం ఉంది, చదువుకోండి.

వదినగారూ, సగం కర్ర గురించి నేనిందాక చెప్పిందంతా సరైనదే. తర్కంలో దోషం లేదు. కాకపోతే ఆ సగం నాది కాదు.

వేలెత్తకండి, వినండి. నాలుగు శనివారాల కిందట ఆట అయ్యాక, కింద మీ అమ్మాయి కారు హారన్ కొడుతుంటే హడావుడిగా కర్రలు విప్పి సంచుల్లో సర్దుకున్నాం కదా. ఆ హడావుడిలో ముందు సగాలు తారుమారయ్యాయి. అది పొరపాటే, ఒట్టు. మరుసటి శనివారం మొదటి దెబ్బకే తెలిసింది. నా బంతులు చెప్పిన చోటికి వెళ్ళడం మొదలుపెట్టాయి. మర విప్పి చూశాను. ఎర్రచుక్క లేదు.

నా సగం వంకరండీ. కిటికీ పక్కన ఎండలో గోడకి చేరేసి పెట్టేదాన్ని, ఒంగిపోయింది. టేబుల్ మీద దొర్లిస్తే కుంటుతూ వెళుతుంది. రెండేళ్ళు దానితోనే ఆడి, నేనెప్పుడూ మీమీద గెలవలేదు. ఇప్పుడు అది మీ సంచిలో ఉంది. మీ చేతిలో దోషం లేదు, మీరు తిన్నగానే కొట్టారు. కర్రే తిన్నగా లేదు.

తెలిసి ఊరుకున్నాను. మొదటి వారం, ఈ ఒక్కసారికి అనుకున్నాను. రెండో వారం మీరు కాఫీ మానేశారు. మూడో వారం కళ్ళజోడు మార్చారు. నేను మీ పక్కన కూర్చుని, వయసు వదినగారూ, అందరికీ వచ్చేదే అని, చేతి కండరాల గురించి పావుగంట పాఠం చెప్పాను. పొద్దున్నే రబ్బరుబంతి నొక్కమని సలహా కూడా ఇచ్చాను. మీరు నొక్కుతున్నారని మా కోడలు చెబితే, నాకు కొంచెం... సరే, నవ్వొచ్చింది. కత్తెర దాకా వెళుతుందనుకోలేదు.

ఆ నల్లబంతి తప్పిందీ దానివల్లే. తప్పింది కాబట్టే నాకు అడ్డమొచ్చింది, అడ్డమొచ్చింది కాబట్టే ఎగరేశాను, ఎగరేశాను కాబట్టే మీరిప్పుడు దూది కరుచుకుని కూర్చున్నారు. మీ పళ్ళు రాలగొట్టింది కూడా మీ కర్రే. లెక్క ఎటునుంచి చేసినా జవాబు నా దగ్గరికే వస్తోంది.

నమ్మకపోతే ఇంటికెళ్ళి మర విప్పి చూడండి. చుక్క ఉంటుంది. తర్వాత మీ అమ్మాయి దగ్గర్నుంచి ఆ గుడ్డ వెనక్కి తెచ్చుకోండి.

మెట్లమీద చెప్పుల చప్పుడు. కళ్ళజోళ్ళాయనే. కాగితం వెనక్కి తిప్పండి, అటువైపు ఖాళీగా ఉంది. కర్ర మార్చిందని రాయండి. సగం అన్న మాట అక్కర్లేదు. మూడు శనివారాలు అని రాయండి, అదే సరైన లెక్క.

అంత గట్టిగా నొక్కకండి, పెన్ను నాది.

చూశారా? ఇంత కోపంలో రాస్తున్నా ఒక్క అక్షరం కూడా వణకలేదు. నేను చెప్పలా?

అయ్యిందా? ఇలా చూపించండి. ఊఁ. ఊఁ. 'దొంగ' అనే మాట రెండుసార్లు వచ్చింది, ఒకటి చాలు, పోనీ ఉంచండి.

తేదీ వెయ్యలేదు. తేదీ లేని ఫిర్యాదు చెల్లదు వదినగారూ, ముప్ఫై ఎనిమిదో నిబంధన. వెయ్యండి.