ఆషాఢంలో పడిన గడువు

చందానగర్, 1973 జులై. ఇల్లు ఖాళీ చేస్తానని అద్దెకున్నాయన కోర్టులో రాజీకి ఒప్పుకున్నాడు. ఆ గడువు ఈరోజుతో తీరింది. ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన కోర్టు అమీనాను అరుగు మీద కూర్చోబెట్టి ఇంటి యజమాని లోపలికి వచ్చాడు.

“సామాను ఇంకా సర్దలేదేంది సార్?”

“ఆషాఢం కదండీ. నిజాంపేటలో ఇల్లు చూశాను. శ్రావణం వస్తేగాని పాలు పొంగించకూడదు.”

“రాజీ కాయితం మీద దస్కత్ పెట్టిననాడు పంచాంగం జూడలేదా?”

“లేదండి. మీరూ చూడలేదు.”

“నాకేం పని? కొడుకు లగ్గమైంది, కొత్త కోడలు ఈ ఇంట్ల కాపురం జేయాలె అని జడ్జికి జెప్పిన.”

“కోడలు వచ్చిందాండీ?”

“ఎట్లొస్తది? ఆషాఢమాయె. తల్లిగారింటికి వోయింది.”

“మళ్లీ ఎప్పుడొస్తుందండీ?”

“శ్రావణంల.”

“అలాగాండీ.”

“నవ్వకుండ్రి సార్.”

“నవ్వడం లేదండి. అమీనా గారికి కాఫీ పంపమంటారా?”

“పంపుండ్రి. నాకు గూడ. కానీ శ్రావణంల మొదటి శుక్రవారం నాటికి తాళంచెవి నా చేతుల పడాలె. కాయితం రాసియ్యుండ్రి.”

“రాస్తానండి. ఈసారి పంచాంగం ముందర పెట్టుకుని రాద్దాం.”

“తెండ్రి మరి. అమీనా ఎట్లాగు వచ్చిండు, సాక్షి దస్కత్ ఆయనే పెడతడు.”