తెలుగు బడి గది తాళం పగిలిన సంగతి

నా పేరు సుహాస్. తండ్రి హనుమయ్య. వయసు ఇరవై మూడు. సొంతూరు జనగామ. ప్రస్తుతం దేశ రాజధానిలోని మునిర్కాలో అద్దె గదిలో ఉంటూ సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతున్నాను. వృత్తి ఏమిటని ఏఎస్సై సత్బీర్ సింగ్ గారు అడిగారు. జీతం లేని పంతులునని చెప్పాను. "అది వృత్తి కాదు, బేరోజ్‌గార్ అని రాయి" అన్నారు. నిరుద్యోగినని రాయడానికి నేను ఒప్పుకోలేదు. పంతులు అనే రాస్తున్నాను. కోపం వస్తే నా హిందీ తడబడుతుంది కాబట్టి ఈ వాంగ్మూలం తెలుగులో రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. మా బడిలో చదివే సాయిసుధ తల్లి వీణ గారు దీన్ని ఆయనకు హిందీలో చదివి వినిపిస్తారు.

జనక్‌పురిలో ఒక కాలనీ సామాజిక భవనం కింది గదిలో ప్రతి ఆదివారం పొద్దున పదింటి నుంచి తెలుగు బడి నడుస్తుంది. పిల్లలందరూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు. ఇంట్లో తెలుగు వింటారు, హిందీలో జవాబిస్తారు. నేను రెండేళ్లుగా చెప్తున్నాను.

బడి తల్లిదండ్రులదని నా నమ్మకం. ఈ మాట నాకు కరపత్రాల్లో దొరికింది. పాత పుస్తకాల బండి మీద కొన్న చిన్న చిన్న పుస్తకాలు చదివి విద్యాహక్కు గురించి, బడి యాజమాన్య సంఘాల గురించి తెలుసుకున్నాను. తల్లిదండ్రులు గడప దాటని బడి ట్యూషన్ దుకాణమేనని వాట్సాప్ గ్రూపులో చాలాసార్లు పెట్టాను. బొటనవేలు బొమ్మలు వచ్చాయి. మనుషులు రాలేదు.

కార్లో వస్తారు. ఇంజను ఆపరు. వెనక తలుపు తెరుచుకుంటుంది, పిల్ల దిగుతుంది, తలుపు పడుతుంది, కారు పోతుంది. వీళ్లు ఎందుకు దిగరు అన్నది నాకు నిజంగా తెలుసుకోవాలని ఉండేది. ఒకసారి వీణ గారిని అడిగాను. "దిగితే ఏదో ఒక పని అంటగడతారని భయం సుహాస్. వారమంతా ఆఫీసులో కమిటీలే. ఆదివారం కూడానా?" అన్నారు. ఆమె మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు.

కిందటి వారం కాలనీ సంఘం అధ్యక్షుడు గులాటీ గారు నన్ను పిలిచి, ఆ గదిని టేబుల్ టెన్నిస్‌కు ఇస్తామన్నారు. బడి ఏమైపోవాలని అడిగాను. "ఇది బడి అయితే తల్లిదండ్రులు కనబడాలి కదా భయ్యా? మీవాళ్లకే అక్కర్లేదు. ఆదివారం పదకొండింటికి వచ్చి చూస్తాను. పెద్దవాళ్లుంటే గది మీది. లేకపోతే బల్ల లోపలికి వస్తుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన అన్నదాంట్లో తప్పేమిటో వెతికితే దొరకలేదు. అందుకు ఇంకా మండింది.

ఇది గ్రూపులో పెట్టాను. మళ్లీ బొటనవేళ్లు.

ఈ రోజు ఆదివారం. పదింటికి ముందే గది దగ్గరికి వెళ్లాను. తాళం వేసి ఉంది. బడి కమిటీ కార్యదర్శి అనంతరామయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు పక్కనే కుర్చీలో కూర్చున్నారు. ఆయన అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. తెనాలి వారు. తాళంచెవి ఆయన చొక్కా జేబులోంచి కనబడుతూనే ఉంది. మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"తాళం తీయండి సార్."

"ఏ హోదాలో తీయమంటావయ్యా? కమిటీ గడువు మార్చితోనే అయిపోయింది. ఇప్పుడు నేను కార్యదర్శిని కాను."

"మరి కిందటి వారం తీసిన్రు కదా?"

"అది పొరపాటు. రాత్రి నిబంధనలు మళ్లీ చదివాను."

"అయితే చెవి నాకియ్యండి."

"కొత్త కార్యదర్శికి ఇవ్వాలి. ఎవరాయన?"

"ఎవరూ లేరు. సమావేశానికి ఒక్కరన్నా వస్తే కదా ఎన్నుకునేది!"

"అదీ సంగతి" అని ఆయన ఫోను తీసి ఏదో టైపు చేసుకుంటూ కూర్చున్నారు.

అప్పటికి పిల్లలందరూ వచ్చి ఎండలో నిలబడ్డారు. నేను రోడ్డు మీదికి వెళ్లి వీణ గారి కారుకు అడ్డం నిలబడ్డాను. ఆమె అద్దం దించారు. "తాళం తీస్తలేరు మేడం, దిగండి" అన్నాను. "గ్రూపులో పెట్టండి, చూస్తాను" అని అద్దం ఎత్తేశారు. ఈ మాట చదివేటప్పుడు ఆమె దాటేయకూడదని మనవి.

నేను తిరిగి వచ్చి, పూలకుండీ కింద ఉన్న ఇటుక తీసుకుని తాళాన్ని కొట్టాను. తాళం చెక్కుచెదరలేదు. గొళ్లెం ఊడింది. కొట్టింది నేనే. పిల్లలెవరూ చెయ్యి వెయ్యలేదు. సాయిసుధ మాత్రం "భయ్యా, ఔర్ జోర్ సే" అంది. "తెలుగులో చెప్పు" అన్నాను. "గట్టిగా!" అంది. రెండేళ్లలో ఆ పిల్ల నాతో అడక్కుండా అన్న మొదటి తెలుగు మాట అదని అప్పుడు పొరపాటుగా అనుకున్నాను. అడిగాకే అంది.

అనంతరామయ్య గారు లేచి, "ఇది నేరమయ్యా" అని నాకు చెప్పి, 112కు ఫోను చేశారు. నేను పారిపోలేదు. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి ఒత్తులు చెప్పడం మొదలుపెట్టాను.

ముందు పోలీసులు రాలేదు. తల్లిదండ్రులు వచ్చారు. కార్లు అడ్డదిడ్డంగా ఆగాయి. ఈసారి ఇంజన్లు ఆపారు. ఒకావిడ చేతికి దోసెల పిండి ఉంది. ఒకాయన సగం గడ్డం గీసుకుని వచ్చారు. అందరూ గడప దాటి లోపలికి వచ్చి, ఎవరి పిల్ల దగ్గర వాళ్లు చిన్న బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. "ఏమైంది? ఎవరిని అరెస్టు చేశారు?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. నేను పాఠం ఆపలేదు.

తర్వాత సత్బీర్ సింగ్ గారు, ఒక కానిస్టేబులు వచ్చారు. సత్బీర్ సింగ్ గారు బోర్డు వంక చాలాసేపు చూసి, "యే సబ్ జలేబీ హై క్యా?" అని మన అక్షరాలను జిలేబీలన్నారు. అందరూ నవ్వారు. తన పేరు ఎలా రాస్తారో అడిగారు. సాయిసుధ రాసి చూపించింది. ఆయన దాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నారు.

"ఇక్కడ బాధ్యులు ఎవరు?" అని అడిగారు.

"కమిటీ లేదండి" అన్నారు అనంతరామయ్య గారు.

"కమిటీ లేకపోతే తాళం ఎవరిది? ఫిర్యాదు ఎవరి తరఫున?"

అనంతరామయ్య గారు తల్లిదండ్రుల వైపు తిరిగి చూశారు. అప్పుడు వీణ గారు లేచారు. బెంచీ చిన్నది కావడంతో లేవడానికి కష్టపడ్డారు. "తాళం మాది. పిల్లల తల్లిదండ్రులం. నా పేరు రాసుకోండి" అన్నారు. ఆమె తర్వాత పక్కాయన చెప్పారు. అలా వరసగా గదిలో ఉన్న పెద్దవాళ్లందరూ తమ పేర్లు, పిల్లల పేర్లు చెప్పారు. కానిస్టేబులు ఫిర్యాదు కాగితం మీదే రాసుకున్నాడు. సరిపడా జనం ఉన్నారు కాబట్టి అక్కడే సమావేశం జరిగినట్టేనని అనంతరామయ్య గారు ప్రకటించారు. వీణ గారిని కార్యదర్శిగా చేతులెత్తి ఎన్నుకున్నారు. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, రసీదు రాయించుకుని ఆమెకు ఇచ్చారు. తాళం గొళ్లెంతో సహా నేల మీద పడి ఉంది.

పదకొండింటికి గులాటీ గారు వచ్చారు. గది నిండా పెద్దవాళ్లను చూశారు. పోలీసులను చూశారు. తలుపు దగ్గరే నిలబడ్డారు.

ఇప్పుడు నేను స్టేషన్‌లో ఉన్నాను. గులాటీ గారు కూడా వచ్చి, చిన్న విషయానికి కేసెందుకు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే కుర్రాడి భవిష్యత్తు బాగుంటుంది, గది సంగతి తర్వాత తీరిగ్గా చూద్దామని చెప్తున్నారు. అనంతరామయ్య గారు కూడా వెనక్కి తీసుకోవడానికి సిద్ధమే. పరీక్ష నెగ్గితే నేను నింపాల్సిన కాగితాల్లో పోలీసు కేసుందా అనే ప్రశ్న ఉంటుందని ఆయనే గుర్తు చేశారు. అది నాకు తెలుసు.

ఒక సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. వీణ గారు ఇందాక బయట బెంచీ మీద తన ఫోను చూపించారు. గ్రూపులో అనంతరామయ్య గారి సందేశం ఇలా ఉంది: "గౌరవ తల్లిదండ్రులకు. బడి గది వద్దకు పోలీసులు వచ్చుచున్నారు. పిల్లలు అక్కడే ఉన్నారు. తగు చర్య నిమిత్తం." సందేశం వచ్చిన సమయం చూస్తే, అప్పటికి నేను ఇంకా రోడ్డు మీద కారుకు అడ్డం నిలబడి ఉన్నాను. ఇటుక ఇంకా కుండీ కిందే ఉంది. ఆయన్నే అడిగాను: "సార్, నేను పగలగొడతానని మీకెట్ల తెలుసు? కావాలనే చేసిన్రా?"

"పదవి లేనివాడికి ఉద్దేశాలు ఉండవయ్యా" అన్నారు. ఏఎస్సై గారు అడిగి చూడవచ్చు. చెప్తే నాకూ చెప్పమని మనవి.

నా విన్నపం ఒక్కటే. ఫిర్యాదు వెనక్కి ఇవ్వకండి. ఆదివారం పొద్దున ఆ గదిలో బడి నడుస్తోందని, తల్లిదండ్రులు లోపల కూర్చున్నారని ఈ దేశంలో ప్రభుత్వం చేత్తో రాసినది మీ దగ్గరున్న ఆ కాగితం ఒక్కటే. అది చిరిగితే బల్ల లోపలికి వస్తుంది. గొళ్లెం నేను ఊడగొట్టాను. రాసుకోండి. దాని కింద వాళ్ల పేర్లన్నీ ఉండనివ్వండి.

ఇది నేను తెలివిలో ఉండి, ఎవరి భయమూ లేకుండా, నా చేత్తో రాసింది. జరిగిందే రాశాను, జరగనిది కలపలేదు.

(సంతకం) సుహాస్, పంతులు

చదివి వినిపించినది: వీణ, కార్యదర్శి. కారు అద్దం సంగతి కూడా చదివాను.